ముందు కాలు చాపడం, ఆ తర్వాతే పండగ

మోకాలి ఆపరేషన్ అయినవాళ్ళని చూడ్డానికి వచ్చిన ప్రతివాళ్ళూ ఒకటే అడుగుతారు: "ఎంత వంగుతోంది?" నన్నూ అదే అడిగారు. నెల్లూరు నుంచి వచ్చిన వదిన అడిగింది, ఎదురింటి మామి అడిగారు, విజయవాడ నుంచి ఫోన్ చేసి మా చెల్లెలు అడిగింది. "ఎంత చాపగలుగుతున్నారు?" అని అడిగింది మాత్రం ఇద్దరే, మా డాక్టరుగారూ ఫిజియో అమ్మాయీ. కుడి మోకాలు మార్పించుకున్నాక ఉగాది కూడా దాటిపోయింది. ఇవాళ నేను కుంటకుండా నడుస్తున్నానంటే ఆ రెండో ప్రశ్నను పట్టుకుని ఉండబట్టే. పిల్లల సెలవులు చూసుకుని పండగ రోజుల్లో ఆపరేషన్ పెట్టుకునేవాళ్ళు చాలామంది ఉంటారు. వాళ్ళకి పనికొస్తుందని రాస్తున్నాను.

మా అమ్మాయి అమెరికాలో ఉంటుంది. దానికి నాలుగు వారాలు ఒకేసారి సెలవు దొరికేది డిసెంబరులోనే. మేమిద్దరం చెన్నైలో, పశ్చిమ మాంబళంలో ఉంటాం. మా ఆయన ఉద్యోగం కోసం వచ్చి ఇక్కడే స్థిరపడిపోయాం. అయినవాళ్ళంతా నెల్లూరు, ఒంగోలు వైపే. "ఇక్కడికి వచ్చి చేయించుకో, నలుగురం చూసుకుంటాం" అన్నారు. ప్రేమతో అన్న మాటే. కానీ ఆపరేషన్ అయ్యాక కుట్లు విప్పాలి, కాలు చూపించుకోవాలి, ఫిజియో వారాల తరబడి ఇంటికి రావాలి. అవన్నీ ఆపరేషన్ చేసిన ఊళ్ళోనే జరగడం మంచిదనిపించింది. డిసెంబరు మొదటి వారానికి తేదీ తీసుకున్నాం.

నాకు షుగర్ ఉంది. మూడు నెలల సగటు చూపే పరీక్షలో అంకె దిగేదాకా డాక్టరుగారు తేదీ ఇవ్వలేదు. షుగర్ ఎక్కువుంటే గాయం త్వరగా మానదు, చీము పట్టే ప్రమాదమూ ఎక్కువ. పుచ్చిపోయిన పన్ను ఒకటి ముందే తీయించుకుని రమ్మన్నారు. నోట్లో ఉన్న ఇన్ఫెక్షన్ రక్తంలోంచి కొత్త కీలు దాకా పోగలదట.

మోకాలు మార్పిడి అంటే మోకాలు మొత్తం తీసేస్తారని నేనూ అనుకునేదాన్ని. అలా కాదు. తొడ ఎముక చివరా, దాని కిందుండే కాలి ఎముక పైభాగమూ అరిగిపోయిన మేరకు కోసి లోహపు తొడుగులు వేస్తారు. రెండింటి మధ్య గట్టి ప్లాస్టిక్ పలక ఉంటుంది. చుట్టూ ఉన్న కండరాలు మాత్రం మనవే, వాటికి మళ్ళీ పని నేర్పాల్సిందీ మనమే. ఖర్చు సంగతికొస్తే, 2017 ఆగస్టులో కేంద్రం మోకాలి ఇంప్లాంట్ల ధరలకు పరిమితి పెట్టింది. ఎక్కువగా వాడే కోబాల్ట్ క్రోమియం రకానికి అప్పట్లో 54,720 రూపాయలు, జీఎస్టీ అదనం. అది కీలు ధర మాత్రమే. గది, థియేటరు, డాక్టరు ఫీజు వేరే. ఇన్సూరెన్సు ఉన్నవాళ్ళు వెయిటింగ్ పీరియడ్ ముందే చూసుకోవాలి, చాలా పాలసీల్లో కీళ్ళ మార్పిడికి రెండేళ్ళు ఆగాలని ఉంటుంది. ఇంప్లాంట్ డబ్బాల మీదుండే స్టిక్కర్లు మీ ఫైల్లో అంటించారో లేదో అడగండి. కంపెనీ, సైజు, నంబరు అన్నీ అందులోనే ఉంటాయి, ఎన్నేళ్ళ తర్వాత ఏ డాక్టరు చూసినా ముందడిగేది అదే.

ఆస్పత్రిలో గడిపిన రోజుల గురించి చెప్పడానికి ఎక్కువ లేదు. వెన్నులో ఇంజెక్షన్ ఇచ్చి నడుము కింద మత్తు చేశారు. ఆ సాయంత్రమే వాకర్ పట్టించి నిలబెట్టారు. పిక్కల్లో రక్తం గడ్డకట్టకుండా పాదాలు ముందుకీ వెనక్కీ ఆడిస్తూ ఉండమన్నారు, రక్తం పలచబడే మందు ఇచ్చారు. డిశ్చార్జి కాగితంలో మందుల పట్టిక ఇంత పొడుగుంది గానీ వ్యాయామాలకు ఒకే ఒక్క లైను రాశారు. మాకు ఫిజియో ముందే కుదిరింది కాబట్టి సరిపోయింది. అది లేనివాళ్ళు ఆ ఒక్క లైనుతో ఏం చేస్తారో అని ఇప్పటికీ బాధగా ఉంటుంది.

అసలు కథ ఇంటికొచ్చాక మొదలైంది. మంచం మీద పడుకోగానే మా వదిన మెత్తటి దిండు తెచ్చి మోకాలి కింద పెట్టింది. ఎంత హాయిగా ఉందో చెప్పలేను. మర్నాడు ఫిజియో అమ్మాయి రాగానే మొదట చేసిన పని ఆ దిండు తీసేయడం. "అమ్మా, ఇది మళ్ళీ ఇక్కడ కనపడకూడదు" అంది. కోత పెట్టిన కాలు వంగి ఉంటేనే సుఖం. ఆ సుఖంలో వారాల తరబడి ఉంచేస్తే లోపల గాయం మానేచోట గట్టిపడే కండ ఆ వంపులోనే కాలిని పట్టేస్తుంది. పూర్తిగా చాపుకోని కాలితో నడిస్తే కుంటు వస్తుంది, అడుగడుగునా తొడ కండరమే బరువంతా మోయాల్సి వచ్చి త్వరగా అలిసిపోతుంది. వంగడం నెలలపాటు కొంచెం కొంచెంగా పెరుగుతూనే ఉంటుంది. చాపడం మాత్రం మొదటి వారాల్లోనే సాధించాలి, ఆలస్యమయ్యేకొద్దీ కష్టం.

ఆ అమ్మాయి చూసే పద్ధతి ఇది: నన్ను మంచం మీద వెల్లకిలా పడుకోబెట్టి, మోకాలి కిందికి తన అరచెయ్యి దూర్చేది. మొదట్లో చెయ్యి మొత్తం సులువుగా అటు నుంచి ఇటు వచ్చేసేది. "నా చేతిని పరుపుకేసి నొక్కండమ్మా" అనేది. తొడ బిగించి నొక్కుదామంటే తొడ మాటే వినేది కాదు. బుర్ర చెప్తోంది, కండరం కదలడం లేదు. ఆపరేషన్ తర్వాత తొడ కండరం కొన్నాళ్ళు అలా మొద్దుబారి ఉండడం మామూలేనట, నాకు మాత్రం భయమేసింది. రోజూ నొక్కగా నొక్కగా ఒకరోజు "ఆ, ఇప్పుడు తగిలింది" అంది. తర్వాత్తర్వాత అరచెయ్యి పోయి వేళ్ళే దూరేవి. జనవరి వచ్చేసరికి వేళ్ళూ దూరడం మానేశాయి.

ఇంట్లో నేను చేసుకోవాల్సింది ఇంకొకటి ఉంది. తువ్వాలు చుట్టి మోకాలి కింద కాకుండా మడమ కింద పెట్టుకోవాలి. అప్పుడు మోకాలు గాల్లో ఉండి తన బరువుకి తనే కిందికి దిగుతుంది. వినడానికి ఏమీ లేనట్టే ఉంటుంది, నాలుగు నిమిషాలు గడిచేసరికి మోకాలి వెనక నరాలు లాగేస్తుంటే కళ్ళలో నీళ్ళొస్తాయి. గడియారం చూస్తూ ఉంటే టైము కదిలేది కాదు. చెన్నైలో మార్గళి అంటే కచేరీల నెల, సభల్లో వినిపించేవాటిలో తెలుగు కీర్తనలకు కొదవే లేదు. ఫోన్లో ఆలాపన లేని చిన్న కీర్తన ఒకటి పెట్టుకుని, చివరి చరణం అయ్యేదాకా మడమ తీయకూడదని నియమం పెట్టుకున్నాను. నొప్పి వైపు పోయే మనసు పాట వైపు పోయేది. మందులతో సమానంగా నాకు సాయం చేసింది ఇదే.

వంచడమూ వదల్లేదు. మంచం మీద మడమను వెనక్కి జరపడం, కుర్చీలో కూర్చుని పాదాన్ని కుర్చీ కిందికి లాగడం చేసేదాన్ని. నొప్పి మాత్ర వ్యాయామానికి ఒక గంట ముందు వేసుకుంటే మందూ పనీ కలిసొస్తాయి. అయిపోయాక ఐస్ ప్యాక్‌ను గుడ్డలో చుట్టి ఓ పదిహేను ఇరవై నిమిషాలు. గట్టి నొప్పి మాత్రలతో మలబద్ధకం వస్తుంది, ఇది ఆడవాళ్ళు సిగ్గుపడి చెప్పరు. చెప్పండి, దానికీ మందుంది.

మా అపార్ట్‌మెంటులో నడక కారిడారులోనే. బయట ఈశాన్య రుతుపవనాల వాన, మెట్ల దగ్గర తడి. లోపల ఇంకో చిక్కు వచ్చింది. ధనుర్మాసం కదా, ప్రతి గుమ్మం ముందూ తెల్లారకుండానే పెద్ద పెద్ద ముగ్గులు. తడి ఆరని గచ్చు మీద పిండి ముగ్గు జారుతుంది. పైగా వాకర్ కాళ్ళ రబ్బరు బిళ్ళలు మామి ముగ్గులో నాలుగు చుక్కలు చెరిపేశాయి. ప్రాణం చివుక్కుమంది. మర్నాటి నుంచి ఆవిడ తన ముగ్గును గోడ వైపు జరిపి, నా వాకర్ పట్టేంత దారి వదిలి వేశారు. చూసి పక్కింటివాళ్ళూ అలాగే చేశారు. అడక్కుండా చేసిన ఆ సాయాన్ని నేను మర్చిపోలేను.

చుట్టాల సంగతి మాత్రం నిక్కచ్చిగా చెప్తాను. పినాకిని రైల్లో పొద్దున బయల్దేరితే మధ్యాహ్నానికల్లా మా ఇంట్లో ఉంటారు. క్రిస్మస్ సెలవులు, కొత్త సంవత్సరం, ముక్కోటి ఏకాదశికి తిరువల్లిక్కేణి పార్థసారథి గుడి, ఆ చేత్తోనే నన్ను చూసి పోవడం. వచ్చినవాళ్ళ ముందు నేను కాలు కిందికి వేలాడేసి గంటలు గంటలు కూర్చుంటే సాయంత్రానికి చీలమండ దాకా వాపు. వ్యాయామం వేళ దాటిపోయేది. మా అమ్మాయి అడ్డం పడింది. "అత్తా, అమ్మకి పదకొండు నుంచి పన్నెండు దాకా, నాలుగు నుంచి ఐదు దాకా కాలితో పని. ఆ వేళ తప్ప ఎప్పుడైనా రండి" అని అందరికీ ఫోన్లో చెప్పేసింది. ఒకరిద్దరు నొచ్చుకున్నారు. మిగతావాళ్ళు అర్థం చేసుకున్నారు. రోగిని చూడ్డానికి వెళ్ళేవాళ్ళని చేతులు జోడించి అడుగుతున్నాను: వేళ అడిగి వెళ్ళండి, పావుగంట ఉండండి, "కదలకుండా రెస్టు తీసుకో" అని మాత్రం అనకండి.

అన్నిటికంటే కష్టమైనవి రాత్రులు. పగలు ఎలాగో గడిచిపోతుంది. రాత్రి రెండింటికి మెలకువ వస్తే ఏ పక్క తిరిగినా కాలు కుదురుగా ఉండదు. జనవరి మొదటి వారంలో అమ్మాయి తిరిగి వెళ్ళిపోయాక "ఎందుకు చేయించుకున్నానా" అని దిండులో ముఖం పెట్టుకుని ఏడ్చాను. ఫిజియో అమ్మాయితో చెప్తే, తను చూసే పేషెంట్లు చాలామంది ఇదే మాట ఇదే రోజుల్లో అంటారంది. అది విన్నాకే కాస్త తేలికపడ్డాను. మీకూ అలా అనిపిస్తే మీ ఆపరేషన్ పాడైందని కాదు. నిద్ర లేకపోవడం, మందులు, నొప్పి అన్నీ కలిసి మనిషిని అలా చేస్తాయి.

కోత బయటి వైపు చర్మానికి స్పర్శ లేకపోవడం, నెలల తరబడి మోకాలు వెచ్చగా ఉండడం, నడిస్తే లోపల టక్కుమనడం, ఇవన్నీ మామూలే అన్నారు. పిక్కలో కొత్తగా గట్టి నొప్పీ వాపూ, ఆయాసం, ఛాతీలో నొప్పి, జ్వరం, గాయం నుంచి చీము, ఈ లక్షణాలు మాత్రం మామూలువి కావు. వీటిలో ఏదొచ్చినా పండగైనా సరే, అర్ధరాత్రైనా సరే, ఆస్పత్రికి పోవాల్సిందే. మెట్ల దగ్గర ఒక్క సూత్రం: ఎక్కేటప్పుడు మంచి కాలు ముందు, దిగేటప్పుడు ఆపరేషన్ కాలు ముందు.

భోగికి బాత్‌రూమ్‌లో కుర్చీ వేసి కూర్చోబెట్టి వదినే తలంటింది. గాయం మానినా కోత మీద నూనె పడనివ్వలేదు. సంక్రాంతి పూజ కుర్చీలో కూర్చునే చేసుకున్నాను. బాసింపట్టు వేసుకోవడం, గొంతుక్కూర్చోవడం ఇక నాకు వద్దన్నారు డాక్టరుగారు. అందుకని గొబ్బెమ్మలు చేయలేదు, అరిసెలు మాత్రం వంటగదిలో నిలబడి నేనే వత్తాను. ఎక్కువసేపు నిలబడ్డానని సాయంత్రం వాచింది గానీ, ఐస్ పెట్టుకుని కాలు ఎత్తులో పెట్టుకునేసరికి తెల్లారేలోగా తగ్గిపోయింది. అమ్మాయి వెళ్ళేటప్పుడే తనతోపాటు అమెరికా తీసుకుపోతానంది. అంతసేపు విమానంలో కూర్చుంటే రక్తం గడ్డకట్టే ప్రమాదం ఉంటుందని, మూడు నెలలు దూరప్రయాణం పెట్టుకోవద్దని డాక్టరుగారు అన్నారు. వేసవి సెలవులకి మనవడే ఇక్కడికి వస్తున్నాడు.

ఎడమ మోకాలు కూడా చేయించాలి. ఈసారి ఆషాఢంలో పెట్టుకుంటున్నాను. పెళ్ళిళ్ళుండవు, చుట్టాల రాకపోకలు తక్కువ, వదిన వచ్చి నెల ఉంటానంది. తేదీ తీసుకోకముందే ఫిజియో అమ్మాయితో మాట్లాడి పొద్దున పదకొండు గంటల వేళ నాకు పెట్టమని చెప్పాను. తొడ వ్యాయామాలు ఇప్పట్నుంచే మొదలుపెట్టించింది.