255 టైరు, +45 ఆఫ్‌సెట్: కుడి ముందు చక్రం ఒరుపు ఇంకా పోలేదు

మూడు వారాంతాలు పోయాయి. వెడల్పైన కొత్త చక్రాలు వేసిన కారు ఇంకా గీకుతూనే ఉంది, తిప్పినప్పుడు టైరు ఎక్కడో ఒరుసుకుంటోంది. అయితే ఈసారి ఎక్కడ గీకుతోందో తెలిసింది, దానికే సగం పండగలా ఉంది.

కారు 2023 టొయోటా జీఆర్86, ప్రీమియం. కంపెనీ చక్రాలు 18×7.5 (వ్యాసం, వెడల్పు అంగుళాల్లో), +48. ఈ +48 ఆఫ్‌సెట్: హబ్‌కి, అంటే కారు వైపు చక్రం బిగించే భాగానికి, ఆనే ముఖం రిమ్ నడిమధ్య నుంచి ఎన్ని మి.మీ. బయటికి ఉందో ఆ లెక్క. అది తగ్గితే చక్రం బయటికి వస్తుంది. వాటి మీద 215/40 (వెడల్పు మి.మీ.లో, పక్క గోడ ఎత్తు అందులో ఎంత శాతమో) మిషెలిన్ పైలట్ స్పోర్ట్ 4. వాటి స్థానంలో ఎన్‌కై ఆర్‌పీఎఫ్1, 17×9, +45 వేశాను. పాతకాలం డిజైన్ అని వెక్కిరించేవాళ్లు వెక్కిరించుకోండి. ఈ ధరకి ఇంత తేలికైన రిమ్ నాకు ఇంకోటి కనపడలేదు. ఖరీదైన టీఈ37 రిమ్‌లు కొనే డబ్బుతో ఇవి కొని, మిగిలిన దాంతో రెండేళ్లకి సరిపడా టైర్లు తెచ్చుకోవచ్చు. రేస్ ట్రాక్ కోసం అయితే 18 నుంచి 17కి దిగడమే మేలని నా అభిప్రాయం, టైరు ఖర్చు తగ్గుతుంది. టైరు 255/40. వెనక రెండూ మొదటిసారికే కుదిరిపోయాయి. రిమ్ మధ్యలోని 73 మి.మీ. రంధ్రానికీ 56.1 హబ్‌కీ మధ్య రింగులు వేశాను, హైవే మీద వణుకు లేదు. బాగా కుదిరిన వాటి సంగతి ఇంతే.

ఇక గొడవ. డాలస్‌లో ఉండేవాళ్లకి హైవే పక్క సర్వీసు రోడ్ల మీద వంతెన కిందనుంచి తిరిగే ఎడమ యూటర్న్‌లు తెలుసు కదా. అక్కడ కాస్త వేగంగా తిప్పితే ఝర్ర్‌మని చప్పుడు. డెంటన్‌లో ఎమ్మెస్ చేస్తున్న మా బావమరిదిని పక్కన కూర్చోబెట్టి నాలుగుసార్లు తిప్పాను. "బావా, నా కాళ్ల కింద ఎవరో కొబ్బరి కోరుతున్నట్టుంది" అన్నాడు. ఇక్కడ పక్క సీటు కుడివైపు, అంటే కుడి ముందు చక్రం. కుడివైపు తిరిగితే మాత్రం ఎడమ చక్రం చప్పుడు చెయ్యదు. ఇది గుర్తుపెట్టుకోండి, తర్వాత పనికొస్తుంది. నేనే గుర్తుపెట్టుకోలేదు, అందుకే ఒక వారం వృథా.

మొదటి అనుమానం స్ట్రట్ మీద, అంటే చక్రం లోపలి పక్క నిలువుగా ఉండే సస్పెన్షన్ కడ్డీ మీద. లెక్క అలాగే ఉంది మరి: పాత రిమ్‌తో పోలిస్తే కొత్తది లోపలికి 16 మి.మీ., బయటికి 22 మి.మీ. ఎక్కువ. టైరుకీ స్ట్రట్‌కీ మధ్య సందు డ్రిల్ బిట్లతో కొలిచాను. 5 మి.మీ. బిట్ దూరింది, 6 దూరలేదు. ఇంత ఇరుకులో టైరు కాస్త ఉబ్బితే తగులుతుందేమో అనుకుని రిమ్‌కీ హబ్‌కీ మధ్య పెట్టి చక్రాన్ని బయటికి జరిపే 5 మి.మీ. స్పేసర్ తెప్పించాను.

ఆ స్పేసర్ గురించి రెండు మాటలు. చక్రం నట్టు ఎక్కే స్టడ్ ఎం12×1.25: లావు 12 మి.మీ., ఒక్కో చుట్టు 1.25. అంటే 5 మి.మీ. స్పేసర్ వేస్తే నట్టు పట్టే చుట్లు సరిగ్గా నాలుగు పోతాయి. నాకు ముందు 11 చుట్లు పట్టేవి, తర్వాత 7. స్టడ్ ఎంత లావో కనీసం అంత పొడవు మర పట్టాలన్నది పాత లెక్క, దాని ప్రకారం పది చుట్లు దాకా కావాలి. ఏడు చుట్ల మీద ట్రాక్‌కి వెళ్లే ధైర్యం నాకు లేదు. పరీక్ష కోసమని మెల్లగా వీధి చివరిదాకా తిప్పి వచ్చాను, అంతే.

చప్పుడు తగ్గలేదు సరికదా, పెరిగింది! అంతకుముందు యూటర్న్‌లోనే వచ్చేది, ఇప్పుడు అపార్ట్‌మెంట్ గేటు దగ్గరి దిగుడులో స్టీరింగ్ తిప్పినా వచ్చింది. చక్రం బయటికి జరిగితే చప్పుడు పెరిగిందంటే తగిలేది లోపల కాదు. అసలు ఇది ముందే తట్టాలి. ఈ కారు ముందు స్ట్రట్ చక్రంతో పాటే తిరుగుతుంది, కాబట్టి స్టీరింగ్ ఎంత తిప్పినా ఆ 5 మి.మీ. సందు అలాగే ఉంటుంది. తిప్పితేనే వచ్చే చప్పుడుకి స్ట్రట్‌ని అనుమానించడం నా తెలివితక్కువతనం.

స్పేసర్ తీసేశాను. చక్రం చుట్టూ ఫెండర్ లోపల ఉండే తొడుగు, అదే లైనర్, అంతటికీ పిల్లల సుద్దముక్క పూసి యూటర్న్ కొట్టాను. దొరికింది. చక్రానికి ముందు, బంపరూ ఫెండరూ కలిసే మూల దగ్గర, బయటి అంచున అరచేయంత సుద్ద చెరిగిపోయింది.

కాగితం మీద లెక్క వేస్తే అంతా తేటపడింది. ఎడమకి తిప్పినప్పుడు కుడి టైరు ముందు భాగపు బయటి అంచు ఇంకా ముందుకి జరుగుతుంది. పాత టైరు బయటి అంచు హబ్ నుంచి 59.5 మి.మీ., కొత్తది 82.5. తేడా 23. చక్రం 20 డిగ్రీలు తిరిగిందనుకుంటే అందులో 8 మి.మీ. ముందుకే పోతుంది. టైరు వ్యాసం కూడా 629 నుంచి 636కి పెరిగింది, దాని వాటా ఇంకో 3. మొత్తం 11 మి.మీ. పైగా ఎడమ మలుపులో బరువంతా కుడి చక్రం మీదే, సస్పెన్షన్ అణిగి టైరు లైనర్‌లోకి ఇంకా పైకి వెళ్తుంది.

మరి ఎడమ చక్రానికి అదే టైరు, అదే రిమ్, అక్కడెందుకు తగలదు? స్టీరింగ్ సూటిగా పెట్టి టైరు ముందు నుంచి లైనర్‌కి కొలిచాను: ఎడమ 31, కుడి 22. క్యాస్టర్ (చక్రం తిరిగే ఇరుసు ముందువెనకల వాలు) తేడానా, చక్రమే ముందుకి జరిగి ఉందా అని కాసేపు టెన్షన్. టైరు వెనక నుంచి కొలిస్తే ఎడమ 48, కుడి 47. చక్రం ఉన్నచోటే ఉంది. వెనక్కి జరిగింది లైనరే. పడుకుని టార్చి వేసి చూస్తే బంపర్ కింది అంచు మీద గీతలు. పార్కింగ్‌లో కాంక్రీట్ దిమ్మ మీదికి ముక్కు ఎక్కించినప్పుడల్లా నేనే కొంచెం కొంచెం వెనక్కి నెట్టి వంచాను. ఇందులో ఎవర్ని తిట్టుకోవాలి?

రెండు క్లిప్పులు మార్చి, లోపలి ట్యాబ్‌ని మళ్లీ ముందుకి వంచి, లైనర్ బిగించాను. 22 కాస్తా 28 అయింది. మామూలు మలుపుల్లో చప్పుడు లేదు. బ్రేక్ వేస్తూ ఎడమకి తిప్పితే మాత్రం సన్నగా ఇంకా వస్తోంది. ఎడమవైపున్న 31 రావాలంటే ఇంకో 3 మి.మీ. కావాలి.

ఇక్కడ నన్ను ఆశ్చర్యపరిచిన లెక్క ఒకటుంది. కొనేముందు నెల రోజులు +40ఆ, +42ఆ, +45ఆ అని తల పట్టుకున్నాను. ఆఫ్‌సెట్ 5 మారితే ఈ మూల దగ్గర తేడా 1.7 మి.మీ. మాత్రమే. అదే 255/40 బదులు 245/40 వేస్తే టైరు వ్యాసార్థం 4, బయటి అంచు 5 తగ్గి, మొత్తం 5.5 మి.మీ. సందు దొరుకుతుంది. లోపల స్ట్రట్ దగ్గర కూడా ఊపిరాడుతుంది. పైగా 245/40 వ్యాసం 628, కంపెనీ టైరుకి దాదాపు సమానం. 255 వల్ల స్పీడోమీటర్ 60 చూపిస్తే నిజానికి 60.6 వెళ్తున్నాను, అదీ సర్దుకుంటుంది. వెడల్పు టైరు మోజులో పడి ఇది చూడలేదు.

అయినా కొత్త టైర్లని ఇప్పుడే పారేసే స్తోమత లేదు. వచ్చే ఆదివారం హీట్ గన్‌తో ఆ మూల లైనర్‌ని మెత్తబరిచి లోపలికి నొక్కి చూస్తాను. తర్వాత కుడి చక్రాన్ని కింద పట్టుకునే సస్పెన్షన్ ఆర్మ్‌కి జాకీ పెట్టి, సస్పెన్షన్ అణిచి, స్టీరింగ్ తిప్పి మళ్లీ సుద్ద పరీక్ష. అది నెగ్గితే క్రెసన్‌లోని మోటార్‌స్పోర్ట్ రాంచ్ అనే రేస్ ట్రాక్‌కి తీసుకెళ్లాలి. చక్రం నిలువు వాలు మార్చే క్యాంబర్ బోల్టులు కూడా కొనిపెట్టాను కానీ వాటిని ఇప్పుడు ముట్టుకోను. ఒకేసారి రెండు మార్చి ఏది పనిచేసిందో తెలియక జుట్టు పీక్కోవడం గత ఏడాదే అయిపోయింది. ఈలోగా పార్కింగ్‌లో దిమ్మకి అడుగు దూరంలోనే ఆపుతున్నాను. తోక కాస్త దారిలోకి వస్తోందని పక్కింటాయన గొణుగుతున్నాడు.