పార్సిల్‌లో వచ్చిన ప్రయోగశాల

మా 2018–22 ఇంజినీరింగ్ బ్యాచ్‌ను జూనియర్లు ‘కోవిడ్ బ్యాచ్’ అంటారు. ఆ మాటలో కొంత జాలి వినిపిస్తుంది. పాపం, తరగతి గదిలో కూర్చోకుండానే పట్టా పుచ్చుకున్నారని. ఎలక్ట్రికల్ విభాగంలో చదివిన నాకు ఆ జాలి ఎప్పుడూ ఒప్పుదలగా లేదు. మెషీన్స్ ల్యాబులో మేము పోగొట్టుకున్నది నిజంగానే ఎక్కువ. తిరిగే మోటారును చేత్తో తాకి, దాని వేడి, దాని అదురు తెలుసుకోవడానికి మరో దారి లేదు. కానీ కంట్రోల్ సిస్టమ్స్ (యంత్రాన్నో ప్రక్రియనో కోరుకున్న స్థితిలో నిలిపి ఉంచే శాస్త్రం) విషయంలో మాత్రం మాకన్నా దగ్గరగా చదివిన బ్యాచ్ మన విభాగంలో లేదని నా గట్టి నమ్మకం. ఆ సబ్జెక్టులో అన్నిటికన్నా మొండి సమస్య ఆలస్యం. ఆ రెండేళ్లూ అది మా ఇళ్లలో, మా ఊళ్లో, రోజూ వచ్చే వార్తల్లో మా కళ్లెదుటే ఉంది.

అప్పుడు మాది రెండో సంవత్సరం రెండో సెమిస్టర్. రౌత్ పట్టిక (వ్యవస్థ అదుపులో ఉంటుందో లేదో తేల్చే లెక్క) పూర్తయి, రూట్ లోకస్ (గెయిన్, అంటే దిద్దుబాటు బలం, పెంచేకొద్దీ వ్యవస్థ తీరు ఎలా మారుతుందో గీసి చూసే పద్ధతి) మొదలు కావలసిన రోజులు. 2020 మార్చి 20న తిరుమలలో భక్తులకు దర్శనాలు ఆపేశారు. కొండకు జనం వెళ్లని తిరుపతి ఎలా ఉంటుందో మా ఇళ్లలో పెద్దవాళ్లకు కూడా తెలియదు. అలిపిరి వైపు వెళ్లే దారిలో దుకాణాలు ఒక్కొక్కటే తలుపులు వేసుకుంటుంటే హాస్టల్ ఖాళీ చేసి, పాకాల దగ్గరి మా పల్లెకు చేరాను. 22న జనతా కర్ఫ్యూ, 25 నుంచి దేశమంతటా లాక్‌డౌన్.

తొలి వారాల ఆన్‌లైన్ తరగతుల గురించి చెప్పడానికి పెద్దగా ఏమీ లేదు. కుప్పంలో ఒకరు, పుంగనూరులో ఒకరు, సత్యవేడు అవతల పల్లెలో మరొకరు. బొమ్మ కదిలితే మాట రాదు, మాట వస్తే బొమ్మ నిలిచిపోతుంది. మాకు కంట్రోల్ సిస్టమ్స్ చెప్పే మేడమ్ ఈ అవస్థను ఎక్కువ రోజులు సాగనివ్వలేదు. వీడియో మానేసి, ఒక్కో అంశాన్ని చిన్న చిన్న ఆడియోలుగా రికార్డు చేసి వాట్సాప్‌లో పంపడం మొదలుపెట్టారు. రాత్రి పొద్దుపోయాక సిగ్నల్ కాస్త కుదురుకున్నప్పుడు దించుకుని, పగలు వినేవాళ్లం.

రూట్ లోకస్‌ను ఆడియోలో ఎలా చెబుతారని మీకు సందేహం రావచ్చు. మేడమ్ చెప్పిన తీరు ఇప్పటికీ నా చెవుల్లోనే ఉంది. “గ్రాఫ్ కాగితం అడ్డంగా పెట్టుకోండి. అడ్డగీత మీద సున్నా దగ్గర ఒక ఇంటూ గుర్తు, మైనస్ 1 దగ్గర ఒకటి, మైనస్ 2 దగ్గర ఒకటి పెట్టండి. ఇవి మన మూడు పోల్‌లు, వ్యవస్థ నడకను నిర్ణయించే బిందువులు. ఇప్పుడు గెయిన్ సున్నా నుంచి మెల్లగా పెంచుతున్నాను. సున్నా దగ్గరిది ఎడమకు, మైనస్ 1 దగ్గరిది కుడికి బయలుదేరాయి. ఎక్కడ కలుసుకుంటాయో మీరే లెక్క కట్టండి. ఆడియో ఇక్కడ ఆపండి.”

ఆపేవాళ్లం. లెక్క కడితే మైనస్ 0.423 వచ్చేది. మళ్లీ ఆడియో పెడితే, “అక్కడ రెండూ అడ్డగీతను వదిలి, ఒకటి పైకి, ఒకటి కిందికి విడిపోతాయి. మైనస్ 1 నుంచి 60 డిగ్రీల కోణంలో ఒక గీత గీసి ఉంచుకోండి, చివరికి ఆ దారినే పడతాయి” అనేవారు. ఇంకా పెంచుతూ పోతే గెయిన్ 6 దగ్గర ఆ రెండూ నిలువు గీతను 1.414 ఎత్తులోనూ, అంతే లోతులోనూ దాటుతాయి. దాటిన క్షణం నుంచి వ్యవస్థ అదుపులో ఉండదు. తరగతిలో అయితే నల్లబల్ల మీద సిద్ధంగా ఉన్న బొమ్మను ఎక్కించుకుని వచ్చేవాళ్లం. ఇక్కడ ప్రతి గీతా మా పెన్సిలే గీసింది. మూడు పోల్‌లు ఒకదాన్నొకటి నెట్టుకుంటూ సాగిన దారి మా వేళ్లకు తెలిసింది. వాల్టర్ ఎవాన్స్ 1948లో ఈ పద్ధతిని ప్రచురించిన నాటికి ఇంజినీర్ల బల్లల మీద కంప్యూటర్లు లేవు. కాగితం, పెన్సిల్, కోణాలు కొలిచే పనిముట్టు, అంతే. అందుకే కాబోలు, అది మా పల్లె అరుగు మీదికి కూడా అంత సులువుగా వచ్చింది.

బోడే రేఖలు (వేర్వేరు పౌనఃపున్యాల దగ్గర వ్యవస్థ స్పందనను చూపే గీతలు) కూడా అలాగే నేర్చుకున్నాం. డెడ్ టైమ్ (చర్యకూ, దాని ప్రభావం మొదలవడానికీ మధ్య ఆలస్యం) గురించిన ఆడియోను నేను పదేపదే విన్నాను. ఆలస్యం సంకేతం పరిమాణాన్ని పెంచదు, తగ్గించదు. గెయిన్ రేఖలో దాని జాడే కనబడదు. ఫేజ్‌ను, అంటే అల ఏ దశలో ఉందన్నదాన్ని, మాత్రం పౌనఃపున్యం పెరిగేకొద్దీ ఇంకా ఇంకా వెనక్కి లాగుతుంది. అంటే, అంతా సవ్యంగా ఉన్నట్టు కనబడుతూనే వ్యవస్థ ఊగిసలాటకు సిద్ధమవుతుంది. ఆ వాక్యం దగ్గర మేడమ్ కాసేపు ఆగి, “ఈ మాట బాగా గుర్తు పెట్టుకోండి, మనం ఇప్పుడు అందులోనే ఉన్నాం” అన్నారు. ఆ రోజు నాకది పూర్తిగా అర్థం కాలేదు.

ఇక ల్యాబు సంగతి. ఈ సంచికలో నేను రాయాలనుకున్నది ప్రధానంగా దీని గురించే.

మూడో సంవత్సరం మొదలయ్యేసరికి కంట్రోల్ ల్యాబు ఎలా జరపాలన్న ప్రశ్న వచ్చింది. సిమ్యులేషన్లతో సరిపెట్టవచ్చు, చాలాచోట్ల అదే చేశారు. మేడమ్, మన ల్యాబు టెక్నీషియన్ అన్న కలిసి మరో దారి వెతికారు. అమెరికాలోని బ్రిగమ్ యంగ్ విశ్వవిద్యాలయం వాళ్లు తయారుచేసిన చిన్న ఉష్ణోగ్రత నియంత్రణ కిట్ ఒకటి ఉంది. ఆర్డుయినో అనే చిన్న కంట్రోలర్ బోర్డు, హీటర్లుగా పనిచేసే ట్రాన్సిస్టర్లు, వాటి పక్కనే ఉష్ణోగ్రత సెన్సర్లు. అంతా అరచేతిలో ఇమిడిపోతుంది. ఆ పద్ధతిలోనే, ఇక్కడ దొరికే సామానుతో, ఒక హీటరు, ఒక సెన్సరు ఉండే కిట్లు సిద్ధం చేశారు. అట్టపెట్టెల్లో పెట్టి, మీద ఊరి పేరు, ఫోను నంబరు రాసి ఆర్టీసీ పార్సిల్‌లో పంపారు. నాది పాకాల బస్టాండులో దించారు. నాన్న బండి మీద వెళ్లి తెచ్చారు.

టెక్నీషియన్ అన్న చేసిన ఒక పని గురించి తప్పక చెప్పాలి. ట్రాన్సిస్టరుకూ సెన్సరుకూ మధ్య దూరాన్ని ఒక్కో కిట్‌లో ఒక్కో రకంగా పెట్టి అతికించారు. కొన్నిటిలో రెండూ ఆనుకునే ఉన్నాయి, కొన్నిటిలో మధ్య ఖాళీ ఉంది. దాంతో ఎవరి వక్రం వాళ్లదే అయింది. ఒకరి రికార్డు చూసి మరొకరు రాసే వీలు లేదు. అంతకన్నా ముఖ్యం, దూరం ఎక్కువున్న కిట్‌లో డెడ్ టైమ్ కంటికి కనబడేది. హీటరును సగం సామర్థ్యంతో పెట్టగానే స్క్రీన్ మీద గీత కదలదు. కొన్ని సెకన్లు అలాగే చదునుగా పోతుంది. ఏమీ జరగడం లేదేమో అనిపించే ఆ చదును గీత తర్వాత నెమ్మదిగా తల ఎత్తి, నిమిషాల తరబడి పైకి పాకుతుంది. ఆ వక్రం నుంచి గెయిన్, టైమ్ కాన్‌స్టాంట్ (ఎంత నెమ్మదిగా పెరుగుతుందో చెప్పే సమయం), డెడ్ టైమ్ మూడూ తీసుకుని, జీగ్లర్, నికల్స్ 1942లో ఇచ్చిన సూత్రాలతో పీఐడీ (ఇప్పటి తేడా, పోగైన తేడా, మారే వేగం మూడూ చూసి దిద్దే పద్ధతి) విలువలు కట్టాలి. నాకొచ్చింది దూరం ఎక్కువున్న కిట్.

అనుపాత నియంత్రణ (ఇప్పటి తేడాకు తగ్గట్టు మాత్రమే దిద్దడం) ఒక్కటే పెట్టి గెయిన్ పెంచితే ఉష్ణోగ్రత లక్ష్యాన్ని దాటి పైకి పోయేది, మళ్లీ కిందికి పడేది, మళ్లీ పైకి. నాన్న పక్కన కూర్చుని చూస్తూ ఉండేవారు. మా ఇంట్లో చెరకు వేసినన్నాళ్లూ గానుగ దగ్గర బెల్లం వండింది ఆయనే. “అంత వేడెక్కేదాకా చూస్తూ కూర్చుంటే ఎలా తల్లీ? పాకం వచ్చాక మంట తీస్తే బెల్లం మాడిపోతుంది. వచ్చే వేగం చూసి ముందే తీసెయ్యాలి. పెనంలో ఉన్న వేడి మిగతా పని చూసుకుంటుంది” అన్నారు. పీఐడీలో ‘డీ’ చేసే పని అదే. ఉష్ణోగ్రత ఎంత ఉందన్నది కాదు, ఎంత వేగంగా పెరుగుతోందన్నది చూసి ముందే వెనక్కి తగ్గడం. ఆయన మాటను నా రికార్డులో పరిశీలనల కింద రాశాను. మేడమ్ దాని పక్కన టిక్కు పెట్టి, మా గ్రూపులో అందరికీ చదివి వినిపించారు.

ఇళ్లకే పరిమితమైంది మేమే కాదు. 2020 జూలైలో బెర్లిన్‌లో జరగవలసిన ఐఫాక్ (అంతర్జాతీయ ఆటోమేటిక్ కంట్రోల్ సమాఖ్య) ప్రపంచ మహాసభ ఆన్‌లైన్‌లో జరిగింది. అదే ఏడాది డిసెంబరులో దక్షిణ కొరియాలోని జెజు ద్వీపంలో జరగవలసిన సీడీసీ అనే అంతర్జాతీయ కంట్రోల్ సదస్సుదీ అదే దారి. 1960లో మాస్కోలో జరిగిన మొదటి ఐఫాక్ మహాసభలో రుడాల్ఫ్ కాల్మన్ తన నియంత్రణ సిద్ధాంతాన్ని వివరించారని పుస్తకంలో చదువుకున్న మాకు, అలాంటి సభల గురించి వినడమే ఒక ఉత్సాహం.

మూడో సంవత్సరం సెమినార్‌కు నేను తీసుకున్న అంశం అంటువ్యాధి ఒక నియంత్రిత వ్యవస్థగా ఎలా కనబడుతుందన్నది. కెర్మాక్, మెక్‌కెండ్రిక్ అనే ఇద్దరు 1927లో వ్యాధి వ్యాప్తికి సమీకరణాలు ఇచ్చారు. జనాభాను వ్యాధి సోకే అవకాశం ఉన్నవారు, సోకినవారు, కోలుకున్నవారు అని మూడు భాగాలు చేసి, ఒక దాని నుంచి మరో దానికి ప్రవాహాన్ని లెక్కిస్తారు. అదే 1927లో, ఆగస్టు 2న, హడ్సన్ నది మీద పడవలో ఉద్యోగానికి వెళ్తూ హెరాల్డ్ బ్లాక్ నెగెటివ్ ఫీడ్‌బ్యాక్ (ఫలితాన్ని వెనక్కి తెచ్చి తప్పును తగ్గించడం) యాంప్లిఫయర్ ఆలోచనను వార్తాపత్రిక మీద గీసుకున్నారు. ఒకే ఏడాది పుట్టిన ఆ రెండు ఆలోచనలూ 2020లో ఒకే కాగితం మీద కలిశాయి. 2020 మార్చి 16న లండన్ ఇంపీరియల్ కాలేజీ బృందం విడుదల చేసిన నివేదికలో ఒక పద్ధతి ఉంది. వారంలో ఐసీయూలో కొత్తగా చేరేవారు 100 దాటితే ఆంక్షలు మొదలుపెట్టడం, 50 కన్నా తగ్గితే సడలించడం. మా భాషలో అది హిస్టరిసిస్ (మొదలుపెట్టడానికీ ఆపడానికీ వేర్వేరు హద్దులు) ఉన్న రిలే, అంటే స్విచ్చు, ఇంట్లో ఇస్త్రీపెట్టెలో ఉండే థర్మోస్టాట్ తరహాదే.

ఆ రిలేను సైలాబ్ అనే సాఫ్ట్‌వేర్‌లో రాసి, కొలతకూ చర్యకూ మధ్య ఆలస్యాన్ని కొంచెం కొంచెంగా పెంచుతూ పోయాను. ఈ రోజు వ్యాధి సోకినవారికి లక్షణాలు కనబడడానికి సగటున 5 రోజులు. ఆపైన పరీక్ష, ఫలితం. ఆసుపత్రిలో చేరే పరిస్థితి రావడానికి మరిన్ని రోజులు. సాయంత్రం బులెటిన్‌లో మనం చూసిన సంఖ్య ఆ రోజుది కాదు, వారం పది రోజుల కిందటి ఊరిది. నమూనాలో ఆలస్యం పెరిగేకొద్దీ అలలు పెద్దవయ్యాయి. ఆంక్షలు అంతే, జనాభా అంతే, వైరస్ అంతే. ఆలస్యం ఒక్కటే మారింది. ఒట్టో స్మిత్ 1957లో చెప్పిన ప్రిడిక్టర్ చేసే పని ఇక్కడే తెలుస్తుంది. ఇంకా కంటికి కనబడని ప్రభావాన్ని నమూనా ద్వారా ముందుగా లెక్కించి, దానిమీద నిర్ణయం తీసుకోవడం. ఆ రోజు ప్రశ్నలు చాలాసేపు సాగాయి. పరీక్ష ఫలితం ఒక రోజు ముందు రావడం అదనపు పడకలు వేయడం కన్నా ఎక్కువ మేలు చేస్తుందా అని ఒక మిత్రుడు అడిగాడు. నా నమూనాకు అంత బరువైన ప్రశ్నకు జవాబు చెప్పే స్థాయి లేదు. ఆ దిశలో ఆలోచించడం మాత్రం మాకు అలవాటైంది.

ఆ తర్వాత 2021 మే వచ్చింది. 10వ తేదీ రాత్రి మన తిరుపతిలోనే ఒక ఆసుపత్రిలో ఆక్సిజన్ ట్యాంకరు రావడం ఆలస్యమై, గొట్టాల్లో పీడనం పడిపోయింది. అధికారిక లెక్క ప్రకారమే 11 మంది చనిపోయారు. ఆ వార్త చదివిన ఉదయం మా గ్రూపులో చాలాసేపు ఎవరూ ఏమీ రాయలేదు. తర్వాత మేడమ్ ఒక ఆడియో పంపారు. అందులో ఎవరినీ తప్పుపట్టలేదు. “ట్యాంకు ఒక ఇంటిగ్రేటరు. లోపలికి వచ్చేదానికీ, బయటికి పోయేదానికీ తేడాను కూడబెడుతుంది. రోడ్డు మీద ట్యాంకరు డెడ్ టైమ్. మళ్లీ ఎప్పుడు తెప్పించాలన్నది మామూలు రోజు వాడకంతో కట్టకూడదు. అత్యధిక వాడకాన్ని, రాగల అత్యధిక ఆలస్యంతో హెచ్చించి కట్టాలి. మీలో ఎవరైనా రేపు ఇలాంటి ట్యాంకు దగ్గర పనిచేస్తే, ఆ లెక్క మీ చేత్తో మీరే కట్టండి” అని ఉంది. నేను విన్న పాఠాల్లో దానికి సాటి వచ్చేది లేదు.

నాలుగో సంవత్సరం ప్రాజెక్టును మేము ముగ్గురం దాని మీదే చేశాం. రెండు నీళ్ల డబ్బాలు, ఒక చిన్న పంపు, మట్టాన్ని కొలిచే సెన్సరు. మట్టం ఇంతకు తగ్గితే గంట మోగించే మామూలు హెచ్చరిక కాదు. ఇప్పటి వాడకం వేగాన్ని బట్టి డబ్బా ఎంతసేపట్లో ఖాళీ అవుతుందో లెక్కించి, కొత్త నీరు చేరడానికి పట్టే సమయం కన్నా అది తగ్గకముందే హెచ్చరించే పద్ధతి. అప్పటికి కళాశాల తెరిచారు కాబట్టి అన్న పక్కన కూర్చునే సోల్డరింగ్ చేశాం. ఇప్పుడు నేను శ్రీసిటీలో ఒక కర్మాగారంలో చేస్తున్న పనిలో సగం ఆ లెక్కే.

చివరిగా మిత్రులకు ఒక విన్నపం. మేడమ్ పంపిన ఆడియోలన్నిటినీ మన విభాగం గ్రంథాలయంలో ఒకచోట భద్రపరచాలని అనుకుంటున్నాం. రూట్ లోకస్, బోడే, నైక్విస్ట్ పాఠాలు నా దగ్గర పూర్తిగా ఉన్నాయి. స్టేట్ స్పేస్ పాఠాల్లో మొదటివి దొరకలేదు. మే నెల ఆడియో నాతోపాటు మరొకరి దగ్గరే ఉంది. పాత ఫోన్లు మార్చేముందు, అమ్మేముందు దయచేసి ఒకసారి వెతకండి. కిట్లు మీ ఇళ్లలోనే ఉండిపోతే అవి కూడా పంపండి, సెన్సరు పాడైనా ఫరవాలేదు. ఈ ఏడాది మూడో సంవత్సరం విద్యార్థులకు కొన్ని తక్కువ పడ్డాయని అన్న చెప్పారు.