ఫ్లష్ ట్యాంకు పైపు నేనే బిగించాను

ఈ రోజు ఉదయం ఫ్లష్ ట్యాంకు కింద పరిచిన వార్తాపత్రిక పొడిగా ఉంది. నాలుగు రోజుల తరువాత నిశ్చింతగా కాఫీ తాగాను.

గోడకున్న యాంగిల్ కాక్ (ట్యాంకుకు నీళ్లు ఆపే చిన్న కుళాయి) నుంచి ట్యాంకుకు వెళ్లే ప్లాస్టిక్ కనెక్షన్ పైపు పై నట్టు దగ్గర కారుతోంది. కింద పెట్టిన లీటరు మగ్గు గంటన్నరలో నిండింది. అంటే రోజుకు 16 లీటర్లు. వేసవిలో ట్యాంకరు నీళ్లు కొనుక్కునే అపార్ట్‌మెంటు మాది.

యాంగిల్ కాక్ బోరు నీటి ఉప్పు పేరుకుని బిగుసుకుపోయింది. బలవంతంగా తిప్పితే విరుగుతుందని దాని జోలికి పోలేదు. పై ఇంటికీ కింది ఇంటికీ చెప్పి, డాబా మీద ఆ లైను గేట్ వాల్వు కట్టేశాను. పైపు విప్పడం పది నిమిషాల పని.

నన్ను ఏడిపించింది హార్డ్‌వేర్ దుకాణం. పాత పైపు చూపించి, అర అంగుళం మరలు, 18 అంగుళాల పొడవు అని స్పష్టంగా చెప్పాను. యజమాని పైపు వైపే చూడలేదు. "సార్‌ను పంపండమ్మా, లేకపోతే ప్లంబరును" అన్నాడు. 26 ఏళ్లు బడిలో భౌతికశాస్త్రం చెప్పినదాన్ని. ప్యాకెట్ విప్పి, పైపు బయటికి లాగి నా చేతిలో పెట్టాడు. ఇంటికొచ్చి బిగిస్తే మునుపటికన్నా ఎక్కువగా కారింది.

మళ్లీ వెళ్లాను. "టేపు చుట్టలేదా?" అని నవ్వి, టెఫ్లాన్ టేపు అంటగట్టాడు. పదిహేను చుట్లు చుట్టాను. కారుతూనే ఉంది. మూడోసారి వెళ్తే నలుగురి ముందు, "ఆడవాళ్ల చేతి బిగింపు చాలదు" అన్నాడు. ఏమీ అనకుండా వచ్చేశాను. ఆ మాట ఇప్పటికీ మండుతోంది. ఇంట్లో ఆడపిల్లలున్నవాళ్లు వాళ్ల చేతికి స్పానరు ఇవ్వండి, ఇలాంటి మాట పడాల్సిన అవసరం వాళ్లకు రాకూడదు.

ఆ సాయంత్రం పాత పైపూ కొత్త పైపూ బల్ల మీద పక్కపక్కన పెట్టి చూశాను. పాతదానికి రెండు నట్లలోనూ నల్లటి రబ్బరు వాషర్లున్నాయి. కొత్తదానికి ఒకవైపే ఉంది! ప్యాకెట్ విప్పినప్పుడు రెండోది ఆ దుకాణంలోనే జారిపోయి ఉంటుంది. ఈ పైపులో నీటిని ఆపేది మరలు కాదు, నట్టు బిగించినప్పుడు మధ్యలో నలిగి అతుక్కునే వాషరు. టేపు గోడలోకి బిగించే మరలకు పనికొస్తుంది, ఇక్కడ ఎంత చుట్టినా వృథా. పాత వాషర్లు గట్టిపడి పగిలాయి. మొదట కారింది అందుకే. అసలు కొత్త పైపే అక్కర్లేదేమో.

పక్క వీధి చిన్న దుకాణంలో కుర్రవాడు నట్టులోకి ఒక్కసారి చూసి, పది రూపాయలకు రెండు వాషర్లు ఇచ్చాడు. నేను ఎవరినని అడగలేదు.

బిగించేటప్పుడు ట్యాంకు లోపలి బాల్ కాక్‌ను (ట్యాంకు నిండగానే నీళ్లు ఆపే తేలే బంతి వాల్వు) ఒక చేత్తో కదలకుండా పట్టుకోండి, లేకపోతే నట్టుతో పాటు అదీ తిరుగుతుంది. నట్టును ముందు చేత్తో, తరువాత స్పానరుతో పావు చుట్టు బిగిస్తే చాలు. బలం చూపిస్తే ప్లాస్టిక్ నట్టు చీలిపోతుంది.

యాంగిల్ కాక్ మార్చడం మిగిలింది. వచ్చే ఆదివారం అదీ నేనే మారుస్తాను. సామాను ఆ కుర్రవాడి దగ్గరే కొంటాను.