అది ఇప్పుడు లెక్కలోకి రాదు నాన్నా

"అది ఇప్పుడు లెక్కలోకి రాదు నాన్నా. ఆ కథ జరగలేదని వాళ్ళే మార్చేశారు."

మా పన్నెండేళ్ళ అమ్మాయి ఈ మాట అన్నది 1961 సెప్టెంబరు నాటి 'ఫ్లాష్' అనే అమెరికన్ కామిక్ 123వ సంచిక గురించి. ఫ్లాష్ అంటే మెరుపు వేగంతో పరుగెత్తే సూపర్‌హీరో. నా దగ్గర ఉన్నది తర్వాత ఎప్పుడో వేసిన పునర్ముద్రణ. డిగ్రీ చదివే రోజుల్లో ఒక ఆదివారం అబిడ్స్ ఫుట్‌పాత్ మీద పాత పుస్తకాల గుట్టలో దొరికింది. బొమ్మలో మధ్యన ఇటుక గోడ. గోడకు అటువైపు ఒక ఫ్లాష్, ఇటువైపు ఒక ఫ్లాష్. మీద ఇనుప దూలం పడబోతున్న మనిషిని కాపాడటానికి ఇద్దరూ పరుగెత్తుకొస్తుంటారు. ఒకరు ఉన్నట్టు ఇంకొకరికి తెలియదు. ఆ బొమ్మ చూసే కొన్నాను, ఇన్నేళ్ళూ ఎక్కడికి ఇల్లు మారినా వెంట తెచ్చుకున్నాను.

ఆదివారం పొద్దున ఆ సంచిక ముందు పెట్టుకుని, బొమ్మల్లో మాటలను తెలుగులో చెబుతూ పిల్లకు చదివి వినిపించడం మొదలుపెట్టాను. ఇంట్లో ఏ భాషలో పుస్తకం ఉన్నా తెలుగులో చెప్పుకుంటూ చదవండి, అదే మంచి పద్ధతి అని నలుగురికీ సలహా ఇచ్చేవాడిని నేను.

కథ ఇదీ. పిల్లల కోసం పెట్టిన ఒక ప్రదర్శనలో బ్యారీ ఆలెన్ అనే ఇప్పటి ఫ్లాష్ మన దేశం పేరుతో చెప్పుకునే తాడు విద్య చూపిస్తాడు. పైకి లేచిన తాడు ఎక్కి, ఒళ్ళంతా విపరీతమైన వేగంతో కంపింపజేసి మాయమవుతాడు. కళ్ళు తెరిచేసరికి ఇంకో లోకంలో, కీస్టోన్ సిటీ అనే ఊళ్ళో ఉంటాడు. అక్కడ జే గ్యారిక్ ఉంటాడు, 1940లో వచ్చిన మొదటి ఫ్లాష్. బ్యారీ చిన్నప్పుడు కామిక్స్‌లో చదువుకున్న హీరో. కట్టుకథ అనుకున్న మనిషి కణతల దగ్గర జుట్టు నెరిసి, పెళ్ళి చేసుకుని, తన ఇంట్లో తాను ప్రశాంతంగా బతుకుతుంటాడు. రెండు లోకాలూ ఒకే చోట ఉన్నాయనీ, కంపనాల వేగం వేరు కాబట్టి ఒకదానికొకటి తగలవనీ బ్యారీ వివరిస్తాడు. ఈ కథ రాసిన గార్డ్నర్ ఫాక్స్, 1940లో జేని సృష్టించిన ఇద్దరిలో ఒకడు. తన పేరు కూడా కథలో పెట్టుకున్నాడు. ఫాక్స్ మనసు కలలో ఆ రెండో లోకాన్ని అందుకుని, అక్కడ జరిగేవాటినే ఇక్కడ కథలుగా రాసి ఉంటాడని బ్యారీ చేత అనిపిస్తాడు. ఇంత అందమైన ఊహ నేను ఇంకో కామిక్‌లో చూడలేదు.

మా అమ్మాయి చెప్పిందీ నిజమే. ఆ ఒక్క సంచిక తర్వాత లోకాల మీద లోకాలు పుట్టి, కొత్తగా చదివేవాళ్ళకు అంతా చిక్కుముడి అయిందని, 1985-86లో పన్నెండు సంచికల 'క్రైసిస్ ఆన్ ఇన్ఫినిట్ ఎర్త్స్' వేసి, ఈ కామిక్స్ ప్రచురించే డీసీ కంపెనీ వాళ్ళు అన్నిటినీ ఒకే లోకంగా కలిపేశారు. జే వాళ్ళ లోకం నాశనం కావడం కాదు, అసలు అలాంటిది ఎప్పుడూ లేదన్నట్టు చేశారు. మరి బ్యారీ, జే మొదటిసారి ఎలా కలిసినట్టు? 1990లో ఆ కలయికను తిరగరాశారు. కీస్టోన్ సిటీ ఇదే లోకంలో ఉందట. విలన్లు దాన్ని కంటికి కనబడకుండా చేసి, అలాంటి ఊరొకటి ఉందన్న సంగతి కూడా జనం మరిచిపోయేట్టు చేశారట. ఇలా పాత కథను వెనక్కి వెళ్ళి మార్చడాన్ని రెట్‌కాన్ అంటారు. తర్వాత 2000ల్లో చాలా లోకాలు మళ్ళీ తిరిగొచ్చాయి, అది వేరే సంగతి.

నేను ఒప్పుకోలేదు. "కథ ఒకసారి చెప్పాక ఎవరు తీసేస్తే పోతుంది తల్లీ? ఊర్మిళాదేవి నిద్ర వాల్మీకి రామాయణంలో లేదు. అయినా అమ్మమ్మ నీకు పాడింది కదా! మన కథలకు ఇది లెక్క, ఇది లెక్క కాదు అనే ఎడిటర్ ఎవరూ లేరు."

"నువ్వున్నావు కదా నాన్నా," అంది. గొంతులో కోపం లేదు. "నిన్న అంకుల్ వాళ్ళతో మా ఇంట్లో మొదటి నుంచీ తెలుగే అన్నావు. అది రెట్‌కాన్."

పుస్తకం మూసేశాను.

అమ్మమ్మ వచ్చి ఆరు నెలలున్న ఏడాది మా పిల్లకు మూడేళ్ళు నిండాయి. అప్పుడు దానికి వచ్చిన భాష ఒక్క తెలుగే. అమ్మమ్మ వెళ్ళాక డేకేర్‌లో చేర్చాం. అక్కడ ఎవరితోనూ మాట్లాడటం లేదని, ఇంట్లో కూడా ఇంగ్లిష్ మాట్లాడితే మంచిదని టీచర్ చెప్పింది. ఆ సాయంత్రం నుంచే మానేశాం. ఒక్క ప్రశ్న అడగలేదు. రెండు భాషలు వినడం వల్ల పిల్లలకు మాటలు ఆలస్యం కావని స్పీచ్ నిపుణులు ఎప్పటి నుంచో చెబుతున్నారని చాలా తర్వాత తెలుసుకున్నాను. కానీ టీచర్ మాట ఒక సాకు మాత్రమే. నాకే భయం వేసింది. పిల్ల ఒక మూల ఒంటరిగా కూర్చుంటుందన్న టెన్షన్‌లో, "నీళ్ళు" అని అడిగితే "వాటర్ అను" అని గ్లాసు చేతిలోనే పట్టుకుని నిలబడ్డాను. అది ఏడ్చింది. అయినా ఇవ్వలేదు, ఆ మాట అన్నాకే ఇచ్చాను.

ఆరేళ్ళప్పుడు హైదరాబాద్ తీసుకెళ్ళాం. బ్యారీ కీస్టోన్ సిటీలో దిగగానే జే ఇల్లు వెతుక్కుంటూ వెళ్ళి, పాత స్నేహితుడిలా అతని గురించి అన్నీ చెబుతాడు. నా కూతురు మాత్రం తనను ఆరు నెలలు ఎత్తుకుని తిరిగిన అమ్మమ్మ ఎదుట నిలబడి, దాహం వేస్తే నా వైపు చూసింది. తిరిగి రాగానే వారాంతపు తెలుగు క్లాసులో చేర్చాను, ఇంట్లో తెలుగే అని రూలు పెట్టాను. ఇంగ్లిష్‌లో అడిగితే వినబడనట్టు ఊరుకునేవాడిని. అప్పుడూ గ్లాసు నా చేతిలోనే ఉంది.

ఆ మధ్య కాలాన్ని నేను ఎవరికీ చెప్పను. కొన్నాళ్ళకు నిజంగానే గుర్తు రావడం మానేసింది. పిల్ల మాత్రం మరిచిపోలేదు.

ఆ మధ్యాహ్నం పాత ఫోన్ తీసి వీడియోలు వెతికాం. మూడేళ్ళ పిల్ల గచ్చు మీద గొంతుక్కూచుని, "అమ్మమ్మా, చీమలకి కూడా బువ్వ పెట్టవే," అంటోంది. మా అమ్మాయి దాన్ని నాలుగైదు సార్లు చూసింది. "నేను ఇలా మాట్లాడేదాన్నా? ఇప్పుడు ఇలా రాదు కదా," అంది. రాదు. ఇప్పుడు దాని తెలుగు క్లాసులో నేర్చుకున్న తెలుగు, ప్రతి మాటా విడివిడిగా ఉంటుంది. వీడియో తేదీ చూసింది, క్లాసులో చేరిన ఏడాది అడిగింది, వేళ్ళ మీద ఏదో లెక్కపెట్టుకుంది.

మిగతా తల్లిదండ్రులకు ఏం చెప్పాలో ఇప్పుడు నాకు తెలియడం లేదు. ఆపకండి అని చెప్పాలని ఉంది. కానీ అప్పుడు ఆపకపోయి ఉంటే, డేకేర్‌లో ఆ మూలన ఇంకెన్ని రోజులు కూర్చునేదో అనే భయం ఈ రోజుకీ పూర్తిగా పోలేదు. ఇప్పుడు పట్టుబట్టి నేర్పిస్తున్నది పిల్ల కోసమా, ఆ గ్లాసు జ్ఞాపకం చెరుపుకోవడానికా అన్నదీ తేలడం లేదు.

మొన్న ఒక స్నేహితుడు ఫోన్ చేసి, తమ బాబు గురించి చెప్పి, మీ అమ్మాయికి తెలుగు ఎలా నిలబెట్టారని అడిగాడు. "నిలబెట్టలేదు. మధ్యలో మేమే మాన్పించాం, ఒక రెండేళ్ళు," అన్నాను.

పక్క గదిలోంచి వినబడింది. "మూడేళ్ళు నాన్నా."