ఇంట్లో బ్రేక్ ఆయిల్ మార్చిన నా అనుభవం, ఆ ఎర్ర లైటుతో సహా

చేతులకి ఇంకా వాసన పోలేదు. నిన్న పొద్దున తొమ్మిదింటికి, "రెండు గంటల పని" అని ఇంట్లో చెప్పి మొదలుపెట్టాను. చివరి చక్రం బిగించేసరికి సాయంత్రం నాలుగున్నర. పని అయింది, పెడల్ రాయిలా ఉంది. కానీ మధ్యలో జరిగింది రాస్తే గానీ నా మనసు కుదుటపడేలా లేదు.

అసలు నేను ఇందులో వేలు పెట్టింది సర్వీసు వాళ్ల పుణ్యమా అని. పోయినసారి బిల్లులో "బ్రేక్ ఫ్లూయిడ్ మార్పు" అని శుభ్రంగా రాసి డబ్బులు తీసుకున్నారు. ఆ రోజంతా నేను అద్దం ఇవతల కూర్చుని చూస్తూనే ఉన్నాను. బండి పైకి లేవలేదు, ఒక్క చక్రం విప్పలేదు. ఇదేంటని అడిగితే "అంతా మెషిన్ మీదే అయిపోతుంది సార్" అన్నాడు కౌంటర్లో కుర్రాడు. ఏ మెషిన్ పెట్టినా చివరికి చక్రం దగ్గర నిపుల్, అంటే ఆయిల్ బయటికి వదిలే చిన్న బోల్టు, విప్పాల్సిందే కదా, పాతది ఇంకెక్కణ్ణుంచి బయటికి వస్తుంది? ఆ మాట అక్కడ అనలేకపోయాను. ఇంటికొచ్చాక బానెట్ ఎత్తి చూస్తే బ్రేక్ ఆయిల్ పోసే డబ్బాలో ఆయిల్ లేత పసుపు రంగులో నిగనిగలాడుతోంది. సరేలే, మార్చే ఉంటారు అనుకుని ఊరుకున్నాను.

నిన్న వెనక ఎడమ చక్రం విప్పితే అసలు సంగతి బయటపడింది. నిపుల్ మీద ఉండే రబ్బరు టోపీ చుట్టూ మట్టి పెచ్చు కట్టి ఉంది. గోటితో గీకితే పలకలుగా రాలింది. టోపీ తీసి నిపుల్ విప్పితే గొట్టంలోకి వచ్చిన మొదటి ధార దాదాపు నల్లగా ఉంది. అంటే పైన డబ్బాలో ఉన్నది మాత్రం సిరంజితో లాగేసి, కొత్తది పోసి, మూత పెట్టి పంపించారన్నమాట. మీరు కూడా సర్వీసుకి ఇచ్చే ముందు నిపుల్ మీదా, దాని పక్కన కాలిపర్ (చక్రం దగ్గర బ్రేకు ప్యాడ్లని నొక్కే భాగం) మీదా కలిపి మార్కర్‌తో ఒక గీత గీసి ఇవ్వండి. తిరిగొచ్చాక ఆ గీత చెక్కు చెదరకుండా ఉంటే మీకు అర్థమైపోతుంది. నేను ఇకమీదట గీత గీయకుండా బండి ఇవ్వను.

సామాను పెద్దగా ఏమీ లేదు. సీలు తీయని లీటరు డాట్ 4 (డాట్ అంటే బ్రేక్ ఆయిల్ రకం), పారదర్శకమైన సన్న గొట్టం, ఒక సీసా, నిపుల్‌కి సరిపోయే రింగు స్పానర్. బండిలోని డబ్బా మూత మీద ఏ డాట్ అని ఉంటే అదే కొనాలి. డాట్ 5 అనేది సిలికాన్‌ది, దాన్ని మిగతా వాటితో కలపకూడదు. పేరులో పోలిక ఉన్నా డాట్ 5.1 మాత్రం డాట్ 4 జాతిదే. మనం అలవాటుగా బ్రేక్ ఆయిల్ అంటాం గానీ అది ఆయిలే కాదు. పొరపాటున ఇంజన్ ఆయిల్ పోస్తే లోపలి రబ్బరు సీళ్లు ఉబ్బి పాడైపోతాయి.

ముందు చక్రాలకి చెక్కలు అడ్డం పెట్టడం, హ్యాండ్‌బ్రేక్ దించడం, వెనక భాగం జాకీతో ఎత్తి స్టాండ్ల మీద కూర్చోబెట్టడం, పైన డబ్బాలో గీత దాకా ఆయిల్ నింపడం పావుగంటలో అయిపోయాయి. జాకీ ఒక్కదాన్నే నమ్ముకుని బండి కిందికి దూరే వాళ్లతో నాకు మాటల్లేవు.

పెడల్ తొక్కే పని మా ఆవిడది. పద్ధతి తేలికే: ఆవిడ తొక్కి పట్టుకుంటుంది, నేను నిపుల్ విప్పుతాను, పాతది గొట్టంలోంచి సీసాలోకి వస్తుంది, నిపుల్ మూస్తాను, అప్పుడు ఆవిడ కాలు తీస్తుంది. నిపుల్ మూయకముందు కాలు తీయకూడదు, తీస్తే గాలి లోపలికి పోతుంది. మా బండి పాతది కాబట్టి పెడల్ కింద ఒక చెక్క ముక్క కూడా పెట్టాను. పెడల్ రోజూ వెళ్లనంత లోతుకి వెళ్తే మాస్టర్ సిలిండర్ (పెడల్ తొక్కితే ఆయిల్‌ని చక్రాలకి నెట్టేది) లోపల ఎప్పుడూ రాపిడి పడని గరుకు చోట సీళ్లు చీరుకుపోతాయని భయం.

మొదటి గొడవ మా భాషతో వచ్చింది. నేను కింద నుంచి "వదులు చేశా" అని అరిచాను, అంటే నిపుల్ వదులు చేశానని. ఆవిడకి వినపడింది "వదులు". వెంటనే కాలు తీసేసింది! గొట్టం రెండో కొన సీసాలో ఆయిల్‌లో మునిగి ఉండబట్టి గాలికి బదులు ఆయిలే వెనక్కి పోయింది గానీ, లేకపోతే అక్కడే మొదటికొచ్చేది. ఆ తర్వాత మాటలు మార్చుకున్నాం: "కిందికి", "విప్పా", "మూశా", "పైకి". మీరు కూడా మొదలుపెట్టే ముందే మాటలు ఖరారు చేసుకోండి.

మా బండి మాన్యువల్‌లో డ్రైవర్‌కి బాగా దూరంగా ఉన్న చక్రంతో మొదలుపెట్టమని ఉంది. కొన్ని బండ్లకి వరస వేరేగా ఉంటుంది, చూసుకోవాలి. వెనక ఎడమది పూర్తయింది. గొట్టంలో నలుపు పోయి, మట్టిరంగు పోయి, చివరికి లేత బంగారు రంగు వచ్చింది. అది చూస్తుంటే ఎంత తృప్తిగా ఉందో! ఎనిమిది తొక్కులకోసారి లేచి పైన డబ్బా చూసి నింపాలని నాకు నేనే ఒక నియమం పెట్టుకున్నాను. మొదటి చక్రానికి దాన్ని అక్షరాలా పాటించాను కూడా.

వెనక కుడి చక్రం మొదలుపెట్టేసరికి ఎదురింటాయన వచ్చాడు. "ఏంటండీ, బండి ఆగిపోయిందా?" అన్నాడు. ఆగిపోలేదండీ, బ్రేక్ ఆయిల్ మారుస్తున్నాను అన్నాను. "అదెందుకు మార్చాలి?" అని ఇంకో ప్రశ్న. ఇక నేను ఆగుతానా?

పని ఆపకుండానే పాఠం అందుకున్నాను. ఈ ఆయిల్ గాలిలో తేమని పీల్చుకుంటుంది, అందుకే చాలా కంపెనీలు రెండేళ్లకోసారి మార్చమంటాయి. కొత్త డాట్ 4 కనీసం 230 డిగ్రీల దాకా మరగదు. అందులో 3.7 శాతం నీళ్లు చేరాయంటే ఆ కనీసం కాస్తా 155కి పడిపోతుంది. కొండ దిగుతూ బ్రేకు మీదే కాలు పెట్టి ఉంచితే కాలిపర్ వేడికి లోపల ఆవిరి పుడుతుంది. ద్రవం నలగదు, ఆవిరి నలుగుతుంది. మనం తొక్కిన బలమంతా ఆ ఆవిరిని నొక్కడానికే సరిపోయి పెడల్ నేలకి దిగిపోతుంది. ఇదంతా చేత్తో స్పానర్ తిప్పుతూ, మధ్యమధ్యలో "కిందికి", "పైకి" అని కేకలేస్తూ చెబుతున్నాను. ఆయన నోరు తెరుచుకుని వింటున్నాడు. నిజం చెప్పొద్దూ, నాకు చాలా బావుంది.

మధ్యలో ఎక్కడో మా ఆవిడ గొంతు వినిపించింది. ఫోన్ చార్జింగ్ కోసం తాళం ఒక మెట్టు తిప్పి ఉంచుకుంది. "ఏమండీ, ఇక్కడ ఎర్ర లైటు ఒకటి కొత్తగా వెలిగింది. సున్నాలో ఆశ్చర్యార్థకం ఉంది." నేను తల కూడా ఎత్తకుండా, "అది హ్యాండ్‌బ్రేక్‌ది. నువ్వు పెడల్ సంగతి చూడు" అన్నాను. ఎదురింటాయన వైపు తిరిగి, చూశారా అన్నట్టు ఒక నవ్వు కూడా నవ్వాను.

నాలుగైదు తొక్కుల తర్వాత గొట్టంలో బుడగలు మొదలయ్యాయి. ఒకటీ రెండూ కాదు, నురగలా తెల్లగా. "మీరు మూశానన్నాక కూడా దిగిపోతోందండీ, ఇందాక గట్టిగా ఉండేది" అంది ఆవిడ. నేను వెళ్లి తొక్కి చూశాను. మెత్తగా, తడి స్పాంజి మీద కాలు వేసినట్టు చెక్క దాకా దిగిపోయింది.

అక్కడ నుంచి గంటన్నర నరకం. గొట్టం నిపుల్ దగ్గర వదులైందేమో అని క్లిప్పు బిగించాను. బుడగలు ఆగలేదు. నిపుల్ మర చుట్ల సందులోంచి గాలి పీలుస్తోందేమో అని చుట్టూ గ్రీజు పూశాను. అయినా అంతే. చెక్క జరిగి మాస్టర్ సిలిండర్ సీలు చిరిగిందేమో అని టెన్షన్ పట్టుకుంది. మా బావమరిదికి ఫోన్ చేశాను. బండి చూడకుండా, రెండో మాట వినకుండా, "మాస్టర్ సిలిండర్ పోయింది బావా, నీకెందుకీ పనులు, టోయింగ్ వాళ్లని పిలువు" అన్నాడు. ఈ ఫోన్ మెకానిక్కులతో చాలా జాగ్రత్త. వాళ్లకి ప్రతి రోగానికీ ఒకటే మందు, అదీ అన్నిటికంటే ఖరీదైనది. కానీ ఆ క్షణంలో నేను నమ్మేశాను. కాళ్లలో సత్తువ పోయి నేల మీద కూలబడ్డాను.

అప్పుడు మా ఆవిడ దిగొచ్చింది. "ఒకటి అడుగుతాను, కసురుకోకండి. అది హ్యాండ్‌బ్రేక్ లైటు అన్నారు కదా. హ్యాండ్‌బ్రేక్ పొద్దున్నే దించేశాం, మీరే దించమన్నారు. మరి అది ఎందుకు వెలుగుతోంది?"

నాకు జవాబు తెలుసు. ఆ లైటుకి రెండు పనులు: హ్యాండ్‌బ్రేక్ వేసినా వెలుగుతుంది, డబ్బాలో బ్రేక్ ఆయిల్ తగ్గినా వెలుగుతుంది. ఇది నేనే ఎంతమందికి చెప్పానో లెక్కలేదు. ఏమీ మాట్లాడకుండా వెళ్లి డబ్బా మూత తీశాను. అడుగున రెండు రంధ్రాలు కనిపిస్తున్నాయి, ఖాళీగా. పాఠం మొదలైన దగ్గర నుంచి నేను డబ్బా వైపు చూడనే లేదు. ఆ తర్వాత మేం తొక్కినదంతా మాస్టర్ సిలిండర్‌లోకి గాలి కొట్టడమే.

ఎదురింటాయన నా భుజం మీదుగా తొంగి చూసి, "ఆయిల్ అయిపోయిందాండీ?" అన్నాడు. ఎగతాళిగా అన్నా బావుండేది. పాపం, నిజంగా జాలిపడి అడిగాడు.

మళ్లీ నింపి, నాలుగు చక్రాలూ మొదటి నుంచి వరసగా చేశాం. ఈసారి డబ్బా చూసే బాధ్యత ఆవిడే తీసుకుంది. అయిదు తొక్కులకోసారి సీటు దిగి వెళ్లి చూసి, "ఉంది" అని చెప్పాకే మళ్లీ కూర్చుంది. నా మాట మీద నమ్మకం లేదని నోటితో అనలేదు, అంతే. లీటరు సరిపోక అరలీటరు సీసా ఇంకోటి తెచ్చాను. రెండో విడత పూర్తయ్యేసరికి బుడగలు ఆగి, పెడల్ పైకి లేచి నిలబడింది. ఏబీఎస్ యూనిట్‌లో (గట్టి బ్రేకుకి చక్రాలు బిగుసుకుపోకుండా చూసేది) గాలి ఇరుక్కుని ఉంటే ఇంత తేలిగ్గా వదిలేది కాదు. చాలా బండ్లలో దాన్ని స్కానర్ పెట్టి తీయాలి, మళ్లీ ఆ సర్వీసు కౌంటర్ ముందే నిలబడాల్సి వచ్చేది. అది తప్పినందుకు నిజంగా దండం పెట్టుకున్నాను.

ఇంజన్ ఆపి ఉండగా పెడల్ గట్టిగా ఉంది. స్టార్ట్ చేస్తే కొంచెం కిందికి దిగి ఆగింది. అది బూస్టర్ (మన కాలి బలాన్ని పెంచే భాగం) పని, అలాగే దిగాలి. అరనిమిషం నొక్కి పట్టుకుంటే ఇంకా కిందికి జారలేదు. నాలుగు నిపుళ్లూ పొడిగా ఉన్నాయి. ముందు ఖాళీ చోట నడక వేగంతో నడుపుతూ నాలుగుసార్లు ఆపి చూశాకే రోడ్డెక్కాను.

తీసిన పాతది సీసాలో పోసి, మీద పేరు రాసి పక్కన పెట్టాను. మురుగులోనో మట్టిలోనో పోసేది కాదది, ప్రమాదకర వ్యర్థాలు తీసుకునే చోట ఇవ్వాలి. ఇక ఆ హడావిడిలో డబ్బా నింపుతుంటే ఫెండర్ (ముందు చక్రం మీది రేకు) మీద ఒక చుక్క పడింది, చూసుకోలేదు. ఈ ద్రవం రంగుని తినేస్తుంది, వెంటనే నీళ్లతో కడిగితే పోయేది. పొద్దున్న చూస్తే గోరంత మేర రంగు మెత్తబడి ముడతలు పడింది. మా ఆవిడ ఇంకా అది చూడలేదు.