షటిల్ హాలు నిర్వహణ ఖర్చు

ఆదివారం.

ఉదయం మా అక్క కూతుర్ని షటిల్ ఆటకు తీసుకువెళ్ళాను. ఇంటికి దగ్గరలోని ప్రభుత్వ ఇండోర్ హాలులో మూడు కోర్టులున్నా, పైకప్పు కారి చెక్క నేల ఉబ్బిపోవడంతో ఒకదాని చుట్టూ తాడు కట్టేశారు. మిగిలిన రెండింటి దగ్గర పిల్లలు తమ వంతు కోసం గోడ వెంబడి నిలబడి ఉన్నారు. వాచ్‌మన్‌ని అడిగితే, "నెల ఫీజులన్నీ పై ఆఫీసుకే జమ అవుతాయి సార్, ఒక్క రేకు మార్చాలన్నా అక్కడినుంచే మంజూరు కావాలి" అన్నాడు. ఆ మాట రోజంతా నన్ను వదలలేదు.

మన హైదరాబాదు నగరంలో పెద్ద క్రీడా వసతులు చాలావరకు ఏదో ఒక పోటీ కోసం వచ్చినవే. 2002లో జాతీయ క్రీడలకూ, 2003లో ఆఫ్రో-ఆసియా క్రీడలకూ ఆతిథ్యం ఇవ్వవలసి వచ్చింది కనుకనే గచ్చిబౌలిలో అథ్లెటిక్ స్టేడియం, యూసుఫ్‌గూడలో, సరూర్‌నగర్‌లో ఇండోర్ స్టేడియాలు సమకూరాయి. పోటీలకు తేదీ ఖరారైతే నిధులు కదులుతాయి. మరమ్మతుకు అలాంటి గడువేదీ ఉండదు కాబట్టి ఆ ఖర్చు ఏటేటా వాయిదా పడుతూనే ఉంటుంది.

షటిల్ మాజీ ఛాంపియన్ పుల్లెల గోపీచంద్ పెట్టిన శిక్షణ అకాడమీ సంగతి వేరు. 2003లో ప్రభుత్వం గచ్చిబౌలిలో ఐదెకరాలు లీజుకిచ్చింది, పారిశ్రామికవేత్త నిమ్మగడ్డ ప్రసాద్ 5 కోట్ల రూపాయల విరాళమిచ్చారు, అదీ చాలకపోతే గోపీచంద్ తన ఇంటినే తాకట్టు పెట్టారు. 2008లో మొదలైన ఆ అకాడమీలో తయారైన సైనా నెహ్వాల్ 2012లో ఒలింపిక్ కాంస్యం, పి.వి. సింధు 2016లో రజతం తెచ్చారు. దాత డబ్బు అక్కడ ఫలించడానికి, తెల్లవారకముందే కోర్టులో ఉండి ప్రతి వసతినీ తనదిగా చూసుకున్న మనిషి కారణమని నా నమ్మకం. అయితే ఇల్లు తాకట్టు పెట్టేవారు ప్రతి పేటకూ దొరకరు, దొరకాలని ఆశించడం న్యాయమూ కాదు.

2013 కంపెనీల చట్టం ప్రకారం, నిర్ణీత స్థాయి దాటిన కంపెనీలు గత మూడేళ్ళ సగటు లాభంలో 2 శాతం సామాజిక బాధ్యత కింద ఖర్చు చేయాలి. ఆ పద్దుల్లో క్రీడా శిక్షణ కూడా ఉంది. హైటెక్ సిటీ కంపెనీలలో ఒక్కటైనా ఇక్కడ ఒక కోచ్ జీతాన్ని ఐదేళ్ళపాటు భరిస్తే, ఒకరోజు పోటీకి బ్యానరు కట్టడం కంటే పిల్లలకు ఎంతో మేలు.

సాయంత్రం కాలనీ సంఘం తరఫున అర్జీ రాశాను. హాలు ఫీజులు హాలు ఖాతాలోనే ఉండాలనీ, జమాఖర్చులు ప్రతినెలా నోటీసు బోర్డుమీద పెట్టాలనీ, వానాకాలం రాకముందే పైకప్పు బాగుచేయాలనీ కోరాను. సంతకాల సేకరణ రేపు మొదలుపెడతాం.