ఎస్కేప్ నొక్కితే ఎడమకు ఒక గడి

కర్నూలు నుంచి బెంగళూరు వచ్చి మారతహళ్ళిలోని ఒక పీజీలో దిగిన తొలి నెలల్లో నన్ను కన్నడం కంటే ఎక్కువగా ఇబ్బంది పెట్టింది మౌస్ లేకుండా కీబోర్డుతోనే ఫైళ్లను దిద్దే వీఐ ఎడిటర్. మౌస్‌తో నొక్కిన చోట టైపు చేయడమే తెలిసిన నాకు, మా ఆఫీసు సర్వర్లలో నల్లని తెర తప్ప మరేమీ ఉండేది కాదు.

ఒక రాత్రి షిఫ్టులో ఒక సర్వీసు ఫైలులో దాని పోర్టు సంఖ్యను 9080 నుంచి 8080కి మార్చవలసి వచ్చింది. కర్సర్‌ను 9 మీద నిలిపి, టైపు చేసే ఇన్సర్ట్ మోడ్‌లోకి వెళ్లడానికి ఐ (i) నొక్కి, 8 టైపు చేశాను. తెర మీద 89080 అని కనిపించింది. కర్సర్ 9 మీదే ఉంది. ఎస్కేప్ నొక్కి ఆ మోడ్ నుంచి బయటికి వచ్చి, 9ని తీసేయడానికి వెంటనే ఎక్స్ (x) నొక్కాను. పోయింది 9 కాదు, అప్పుడే టైపు చేసిన 8. అది గమనించకుండా సేవ్ చేసి, సర్వీసు పాత పోర్టులోనే ఎందుకు లేస్తోందో అర్థం కాక దాదాపు గంటసేపు సర్వర్ రాసుకునే లాగ్ ఫైళ్లన్నీ గాలించాను.

పక్క సీటులోని అనంతపురం అన్న నా నోటుపుస్తకంలో 89080 అని ఎడంగా రాసి, పెన్ను మొనను 8కీ 9కీ మధ్య ఆనించారు. "ఇన్సర్ట్‌లో నువ్వుండేది ఈ సందులో. ఎస్కేప్ కొడితే సందులో నిలబడేదానికి లేదు, ఏదో ఒక అంకె మీదికి రావాల. వీఐ ఎడమ పక్కకు జరుపుతాది తమ్ముడూ" అన్నారు.

ఆ ఒక్క మాటతో నాకు విషయమంతా విడిపోయింది. నాలుగు అక్షరాల వరుసలో, రెండు చివరలనూ కలుపుకుంటే, టైపు చేయడానికి ఐదు చోట్లు ఉంటాయి. ఎస్కేప్ కొట్టాక వచ్చే నార్మల్ మోడ్‌లో కర్సర్ నిలబడడానికి మాత్రం నాలుగే ఉంటాయి. వరుస చివర టైపు చేసి బయటికి వస్తే కుడివైపున అక్షరమే లేదు కనుక వెనక్కి రాక తప్పదు, ఆ నియమాన్నే వీఐ అన్నిచోట్లా పాటిస్తుంది. వరుస మొదట్లో ఉన్నప్పుడు మాత్రం ఎడమకు చోటు లేదు కనుక కర్సర్ కదలదు. కర్సర్ ఉన్న అక్షరం తర్వాత టైపు చేయించే ఏ (a) కీ నొక్కి వెంటనే ఎస్కేప్ కొడితే కర్సర్ ఉన్నచోటే ఉంటుంది, ఐ నొక్కి కొడితే ఒక గడి వెనక్కి పోతుంది. మా సర్వర్లలో రెండు మోడ్‌లలోనూ కర్సర్ ఒకే దిమ్మెలా కనిపించేది కనుక ఈ తేడాను కన్ను పట్టలేకపోయింది. వీఐ కుటుంబంలోనే కొత్తదైన నియోవిమ్‌లోనైతే ఇన్సర్ట్‌లోకి వెళ్లగానే అది సన్నని నిలువు గీతగా మారుతుంది.

1976లో బర్క్‌లీలో బిల్ జాయ్ రాసిన వీఐ నడకనే, 1991లో బ్రామ్ మూలెనార్ విడుదల చేసిన, వీఐ తరహాలోనే నడిచే విమ్ ఎడిటర్ కూడా నిలబెట్టుకుంది. ఇన్సర్ట్ వదిలిన చోటును విమ్ గుర్తుపెట్టుకుంటుంది కనుక, జీ, ఐ (gi) నొక్కితే సరిగ్గా అక్కడి నుంచే మళ్లీ టైపు చేయవచ్చు. ఎస్కేప్ కొట్టినా కర్సర్ కదలకుండా నా ల్యాప్‌టాప్‌లో కొన్నాళ్లు ఒక మ్యాపింగ్, అంటే కీ చేసే పనిని మార్చే అమరిక, పెట్టుకున్నాను గానీ, సర్వర్లోకి వెళ్లిన ప్రతిసారీ వేళ్లు తడబడుతుంటే తీసేశాను. ఇతరుల యంత్రాల మీద పని చేసేవారు వీఐ సహజమైన నడకకే చేతులను అలవాటు చేసుకోవడం మేలని నా నమ్మకం.

ఆ రాత్రి అన్న చివరగా చూపించిన పద్ధతినే నేటికీ వాడుతున్నాను. కర్సర్‌ను 9 మీద నిలిపి ఆర్ (r) నొక్కి, 8 నొక్కితే చాలు. అంకె మారుతుంది, కర్సర్ దాని మీదే ఉంటుంది, ఎస్కేప్‌తో అవసరమే రాదు.